వ్యాన్‌లో కాపురానికి ఏ కంప్యూటర్? ముందు వాట్లు లెక్కపెట్టండి

"అక్క వ్యాన్‌కి ఏ కంప్యూటర్ తీసుకుంటే మంచిది?" రెండు నెలలుగా మన గ్రూపులో నడుస్తున్న చర్చ ఇదే. గుదైబియా వాళ్లు ఒక మోడల్ పంపిస్తే, రిఫా వాళ్లు అది దండగ అంటారు. ముహర్రక్‌లో ఉన్న ఒకావిడ వాళ్లబ్బాయి చేత ఏకంగా పదిహేను లింకులు పంపించింది. చూసి చూసి, అందరి మాటలూ కలిపి ఒకచోట రాసిపెడితే మిగతావాళ్లకీ పనికొస్తుందని ఎడిటరమ్మ నాకు అప్పజెప్పారు. నేను నర్సుని, కంప్యూటర్ ఇంజినీర్ని కాదు. కాబట్టి ఇందులో ఉన్నదంతా మనం ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన లెక్కే.

అక్క సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇక్కడ 19 ఏళ్లు నర్సుగా చేసింది. బావగారి కాంట్రాక్టు ఈ ఏడాదితో అయిపోతోంది. ఇద్దరూ ఇంటికి వెళ్లి, ఒక పాత ట్రావెలర్ బండిని వ్యాన్ ఇల్లుగా మార్చుకుని, ఓ ఏడాది అరకు నుంచి రామేశ్వరం దాకా తిరగాలని అనుకున్నారు. అయితే అక్కకి ఒక బాధ్యత ఉంది. బహ్రెయిన్‌లో పుట్టి పెరుగుతున్న 12 మంది మన పిల్లలకి సాయంత్రం పూట ఆన్‌లైన్‌లో తెలుగు చెబుతుంది. "ఎక్కడ తిరిగినా సరే, క్లాసు మాత్రం ఆపను" అంటుంది. ఇంకో సంగతి: బావగారికి షుగర్. ఇన్సులిన్ మీద ఉన్నారు. బండిలో చిన్న ఫ్రిజ్ ఉండి తీరాలి. ఈ రెండూ కలిసేసరికి, కంప్యూటర్ ఎంచుకోవడం షోరూమ్‌లో మోడల్ చూసుకున్నంత తేలిక కాదని తేలింది.

ఫ్లాట్‌లో ఒక దినారు తేడా

ముందు మనం ఉండే ఫ్లాట్ లెక్క చూద్దాం. ఒక పెద్ద డెస్క్‌టాప్ మానిటర్‌తో కలిపి 150 వాట్లు తీసుకుంటుంది అనుకోండి. రోజుకి 8 గంటలు వాడితే నెలకి 36 యూనిట్లు. ప్రవాసుల ఇళ్లకి 2019లో వచ్చిన 29 ఫిల్స్ రేటుతో చూస్తే 1 దినారు 44 ఫిల్స్. అదే పని 15 వాట్ల ల్యాప్‌టాప్‌తో చేస్తే మూడున్నర యూనిట్ల పైచిలుకు, అంటే నూరు ఫిల్స్‌కి కాస్త ఎక్కువ. తేడా ఒక దినారు కూడా లేదు. నెలలో కొన్ని కరక్ చాయ్‌లు మానేస్తే సరి! బిల్లు పెంచేది ఏసీ గానీ కంప్యూటర్ కాదు. అందుకే మనలో ఎవరూ ఎప్పుడూ కంప్యూటర్ వాట్లు అడిగిన పాపాన పోలేదు.

వ్యాన్‌లో అలా కుదరదు. అక్కడ గోడలో నుంచి ఎంత కావాలంటే అంత కరెంటు రాదు. బ్యాటరీలో ఉన్నదే కరెంటు. చిన్నప్పుడు ఊళ్లో ట్యాంకర్ వచ్చినప్పుడు ఒక డ్రమ్ము నీళ్లు పట్టుకుని, వంటకి ఇన్ని, స్నానాలకి ఇన్ని, గిన్నెలకి ఇన్ని అని అమ్మ పంచేది గుర్తుందా? ఇదీ అంతే. ఒకరు ఎక్కువ వాడితే ఇంకొకరికి తక్కువ.

డ్రమ్ములో ఎన్ని నీళ్లు?

లెక్కకి ఒకే ఒక్క కొలత తెలిస్తే చాలు: వాట్-అవర్. పది వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే పది వాట్-అవర్లు. వెయ్యి వాట్-అవర్లు అయితే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్.

ఊళ్లో మన ఇళ్లలో ఇన్వర్టర్‌కి ఉండే 150 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 1800 వాట్-అవర్లు (12 ఓల్టులు ఇంటూ 150). కానీ అది లెడ్ యాసిడ్ బ్యాటరీ. రోజూ సగం కన్నా ఎక్కువ దించేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. వ్యాన్‌లకి ఇప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం పెడుతున్నారు. అది తేలిక, పైగా 80 శాతం దాకా ధైర్యంగా వాడుకోవచ్చు. అక్క వాళ్ల బండికి పెట్టేది 100 ఏహెచ్ లిథియం. దాంట్లో చేతికొచ్చేది సుమారు 1000 వాట్-అవర్లు, అంటే ఒకే ఒక్క యూనిట్. ఇంట్లో ఏసీ గంట తిరిగితే అయిపోయేంత.

ఆ ఒక్క యూనిట్‌లో రోజంతా గడవాలి. అక్కా, నేనూ కూర్చుని వేసిన పంపకం ఇది:

చిన్న 12 ఓల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, ఎండాకాలం: 450
ఫ్యాను 20 వాట్లు, 10 గంటలు: 200
ఎల్‌ఈడీ లైట్లు: 25
రెండు ఫోన్ల ఛార్జింగ్: 30
సిమ్ వేసుకునే వైఫై రూటర్, 5 గంటలు: 30
కంప్యూటర్, 5 గంటలు: ?

కంప్యూటర్ కాకుండానే 735 అయింది. డ్రమ్ములో మిగిలింది 265. ఆ ప్రశ్నార్థకం దగ్గర ఏ అంకె వేస్తామన్నదే అసలు సంగతి.

12 వాట్ల ల్యాప్‌టాప్ అయితే 60. మొత్తం 795. ఇంకా రెండొందలు మిగులుతుంది. అక్క వాళ్లబ్బాయి ఇచ్చేస్తానన్న గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే క్లాసు టైములో 80 వాట్లు. ఐదు గంటలకి 400. దాని ఛార్జర్‌కి 230 ఓల్టులు కావాలి కాబట్టి మధ్యలో ఇన్వర్టర్ పెట్టాలి. కరెంటు మార్చడంలో ఇన్వర్టర్ 15 శాతం దాకా తినేస్తుంది, ఊరికే ఆన్‌లో ఉన్నందుకు ఇంకో పది వాట్లు తీసుకుంటుంది. అంతా కలిపితే 500 దాటుతుంది. మొత్తం 1250. డ్రమ్ములో ఉన్నది వెయ్యి. తక్కువ పడిన ఆ 250 ఎవరి వాటా నుంచి తీస్తాం? ఫ్యాను ఆపినా చాలదు. ఇక మిగిలింది ఫ్రిజ్. ఆ ఫ్రిజ్‌లో ఉన్నది పెరుగు ఒక్కటే కాదు.

నర్సుగా ఒక మాట చెప్పాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న పెన్ను లేదా సీసా మామూలుగా నాలుగు వారాల దాకా బయట ఉంచుకోవచ్చు, కానీ వేడి 30 డిగ్రీలు దాటకూడదు (కొన్ని రకాలకి 25, పెట్టె మీద చూసుకోండి). మే నెలలో రెంటచింతల మీదుగా వెళ్తున్న బండిలో 30 డిగ్రీలు ఎక్కడుంటుంది? మూత తీసినా తీయకపోయినా ఫ్రిజ్ కావాల్సిందే. ఇంకోటి, ఇన్సులిన్ గడ్డకట్టిందంటే మళ్లీ కరిగినా వాడకూడదు, పారేయాలి. కాబట్టి ఫ్రిజ్ నిలకడగా నడవాలి, నిలకడగా నడవాలంటే దాని వాటా కరెంటుని ఎవరూ ముట్టకూడదు.

ఈ లెక్క చూశాక అక్క వాళ్లబ్బాయే తన ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకున్నాడు.

సఖీర్‌లో రెండు రాత్రులు

కాగితం మీద లెక్క వేరు, ఇసుకలో కూర్చుంటే వేరు కదా. క్యాంపింగ్ సీజన్ ఉండగానే సఖీర్ ఎడారిలో తెలిసినవాళ్ల క్యాంపుకి వెళ్లి పరీక్ష పెట్టాం. చలికాలంలో అక్కడ గుడారాలు, కారవాన్లు, బార్బెక్యూలు, మనలో చాలామందికి తెలిసినవే. గల్ఫ్ ఇవతలి ఒడ్డున మొట్టమొదట చమురు పడింది 1932లో, అక్కడికి దగ్గర్లోనే. అందుకేనేమో రాత్రంతా చుట్టూ జనరేటర్లు మోగుతూనే ఉంటాయి. మేము మాత్రం జనరేటర్ ముట్టుకోకుండా 500 వాట్-అవర్ల బ్యాటరీ పెట్టె ఒకటి పట్టుకెళ్లాం.

మొదటి రోజు గేమింగ్ ల్యాప్‌టాప్‌తో రెండు గంటల క్లాసు. పెట్టెలో నలభై శాతం పైన దిగిపోయింది. దాని ఫ్యాను హోరుకి "మిస్, ఫ్లైట్‌లో ఉన్నారా?" అని ఒక పిల్లాడు అడిగాడు. రెండో రోజు అదే క్లాసు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న ల్యాప్‌టాప్‌తో. దీన్ని ఇన్వర్టర్ లేకుండా నేరుగా యూఎస్‌బీ-సి ఛార్జర్‌కి పెట్టాం. వీడియో నడుస్తున్నప్పుడు 11 నుంచి 14 వాట్లు. పెట్టెలో దిగింది ఐదారు శాతం. పిల్లలకి తేడా ఏమీ తెలియలేదు. అచ్చులూ అవే, హల్లులూ అవే!

ఇంకో సంగతి అక్కడే తెలిసింది. తెల్లారేసరికి పెద్ద ల్యాప్‌టాప్ కింద గాలి రంధ్రాల నిండా సన్న ఇసుక. తక్కువ కరెంటు తీసుకునేది తక్కువ వేడెక్కుతుంది, ఫ్యాను తక్కువ తిరుగుతుంది, దుమ్ము తక్కువ లాగుతుంది. ఫ్యానే లేనిదైతే ఇంకా హాయి.

ఏ రకం ఎలా ఉంటుంది?

గ్రూపులో వచ్చిన సలహాలన్నీ ఐదు రకాల్లోకి వస్తాయి.

రాస్ప్‌బెర్రీ పై: అరచేతిలో పట్టే చిన్న బోర్డు. మూడు నుంచి ఏడెనిమిది వాట్లతో నడుస్తుంది. పిల్లల ప్రాజెక్టులకి బంగారం. కానీ స్క్రీన్, కీబోర్డు, కెమెరా, మైకు అన్నీ విడిగా కొనాలి. జూమ్ యాప్ దీనికి లేదు, బ్రౌజర్‌లోనే క్లాసు నడపాలి. 12 మంది పిల్లల వీడియోతో అది బరువైపోతుంది.

మినీ పీసీ: ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్నవి 2023 నుంచి బాగా వచ్చాయి. ఖాళీగా ఉంటే 6 నుంచి 10 వాట్లు, గట్టిగా పని చేస్తే 20, 25. ధర తక్కువ. కానీ మానిటర్‌కి ఇంకో 15, 20 వాట్లు కలపాలి. పైగా దీనికి సొంత బ్యాటరీ ఉండదు. గతుకులో ప్లగ్గు ఊడిందా, క్లాసు అంతే. 12 ఓల్టుల మినీ పీసీని బండి బ్యాటరీకి నేరుగా తగిలించమని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేయొద్దు. బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు వోల్టేజీ 14 దాటుతుంది, ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. మధ్యలో వోల్టేజీని నిలకడగా ఉంచే కన్వర్టర్ తప్పనిసరి.

ట్యాబ్లెట్: క్లాసు ఒక్కటే అయితే సరిపోతుంది. పాఠాలు టైప్ చేయడం, వర్క్‌షీట్లు తయారు చేయడం ఉంటే చేతులు నొప్పెడతాయి.

ఫ్యాను లేని ల్యాప్‌టాప్: ఉదాహరణకి 2020 చివర్లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్. దాని బ్యాటరీ 49.9 వాట్-అవర్లు. బ్రౌజర్ వాడితే 15 గంటలు వస్తుందని కంపెనీ మాట, అంటే గంటకి మూడు వాట్-అవర్ల పైచిలుకు. కరెంటు పొదుపులో దీన్ని మించింది కష్టం. కానీ పాడైతే చిన్న ఊళ్లో విప్పేవాళ్లు దొరకరు, ర్యామ్ పెంచుకోలేం.

సెకండ్ హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్: కంపెనీలు నాలుగైదేళ్లు వాడి అమ్మేసేవి. ప్రాసెసర్ పేరు చివర "యు" అక్షరం ఉంటే 15 వాట్ల రకం, "హెచ్" ఉంటే 45 వాట్ల రకం. ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైది చూసుకోవాలి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు అయిపోయింది, పాతవాటిలో విండోస్ 11 పడదు. యూఎస్‌బీ-సితో ఛార్జ్ అవ్వాలి, 8 జీబీ ర్యామ్ ఉండాలి, హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ ఉండాలి. లోపల తిరిగే హార్డ్ డిస్క్‌కి గతుకుల రోడ్డు పడదు.

అక్క చివరికి ఈ ఐదో రకమే తీసుకుంది. "ఎయిర్ అయితే ఇంకో ఐదారు వాట్లు మిగిలేవి కదా" అని కొందరు అన్నారు. నిజమే. ఐదు గంటలకి 30 వాట్-అవర్లు, డ్రమ్ములో మూడు శాతం. ఆ మూడు శాతం ఇచ్చి, రాజమండ్రిలోనో విజయవాడలోనో ఏ కుర్రాడైనా విప్పి బాగుచేయగలిగిన మెషిన్ కొనుక్కుంది. నాకు ఇది సరైన పనే అనిపించింది. 80 నుంచి 12కి దిగడం అవసరం. 12 నుంచి 7కి దిగడం ఇష్టం.

ల్యాప్‌టాపే ఎందుకు?

టైము చూడండి. బహ్రెయిన్ పిల్లలకి సాయంత్రం 5 గంటల క్లాసు అంటే ఇండియాలో రాత్రి 7:30. అప్పటికి సూర్యుడు దిగిపోతాడు. సోలార్ ప్యానెల్ నుంచి చుక్క కరెంటు రాదు. ల్యాప్‌టాప్‌లో యాభై వాట్-అవర్ల సొంత బ్యాటరీ ఉంటుంది కదా, మధ్యాహ్నం ఎండ దండిగా ఉన్నప్పుడే దాన్ని నింపేసుకుంటే రాత్రి రెండు గంటల క్లాసు బండి బ్యాటరీని ముట్టకుండానే అయిపోతుంది. పెద్ద డ్రమ్ము పక్కన ఒక బిందె కూడా నింపి పెట్టుకున్నట్టు.

వానాకాలం లెక్క కూడా వేశాం. బండి మీద 300 వాట్ల ప్యానెల్స్ మంచి ఎండలో రోజుకి వెయ్యి వాట్-అవర్ల దాకా ఇస్తాయి. ముసురు పడితే మూడోవంతు అనుకుందాం, 350. రోజు వాడకం 795 అయితే తక్కువ పడేది 445, నిండు బ్యాటరీతో రెండు రోజులు గడుస్తుంది. వాడకం 1250 అయితే ఒక్కరోజు దాటగానే బండి స్టార్ట్ చేసి ఇంజిన్‌తో ఛార్జింగ్ పెట్టుకోవాలి. క్లాసు మధ్యలో డీజిల్ ఇంజిన్ మోగితే ఇంక పాఠం ఎక్కడిది?

వేడి విషయంలోనూ జాగ్రత్త. ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లు వాడటానికి 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని రాస్తుంది, మిగతా కంపెనీలవీ కాస్త అటూ ఇటూ అంతే. ఎండలో తలుపులు వేసిన బండిలో ల్యాప్‌టాప్ వదిలేయకూడదని బహ్రెయిన్‌లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ కొనాల్సింది, అక్కడ కొనాల్సింది

ఈ ముక్క ఇంటికి వెళ్లే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోండి. ల్యాప్‌టాప్ ఇక్కడ కొనుక్కెళ్లొచ్చు. 18 ఏళ్లు దాటిన ప్రయాణికులకి ఒక ల్యాప్‌టాప్ మీద ఇండియాలో కస్టమ్స్ సుంకం లేదు. మినీ పీసీ ల్యాప్‌టాప్ కిందకి రాదు, అది మామూలు సామాను పరిమితిలోకే వెళ్తుంది. టికెట్ తీసుకున్నాక ఒకసారి నిబంధనలు చూసుకోండి.

బ్యాటరీ పెట్టె మాత్రం ఇక్కడ కొనొద్దు. విమానంలో పవర్‌బ్యాంక్ 100 వాట్-అవర్ల దాకా చేతి సంచిలో తీసుకెళ్లొచ్చు. 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 160 దాటితే ప్రయాణికుల సామానులో ఎక్కనివ్వరు. సఖీర్‌కి పట్టుకెళ్లిన 500 పెట్టె అందుకే బహ్రెయిన్‌లోనే ఉండిపోతుంది. పవర్‌బ్యాంక్ మీద వాట్-అవర్లు రాసి లేకపోతే ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74. పర్వాలేదు, ఎక్కుతుంది.

ఛార్జర్: 12 ఓల్టుల సాకెట్‌లో పెట్టే 65 వాట్ల యూఎస్‌బీ-సి పీడీ కార్ ఛార్జర్ ఒకటి, 60 వాట్లకి మించి తట్టుకునే కేబుల్ ఒకటి. ఇక్కడి మూడు పిన్నుల ప్లగ్గు ఇండియా సాకెట్‌లో పట్టదు గానీ, యూఎస్‌బీ-సి అయితే ఆ గొడవే లేదు. కీబోర్డు మీద అరబిక్ అక్షరాలు ఉంటాయి, ఉంటే ఉండనివ్వండి. తెలుగు టైపింగ్‌కి అవి అడ్డు రావు.

వ్యాన్ లేనివాళ్లకి కూడా

మనలో ఎంతమంది వ్యాన్‌లో తిరుగుతాం? కానీ ఊళ్లో అమ్మానాన్నలకి వీడియో కాల్ కోసం కంప్యూటర్ కొనిచ్చేవాళ్లం చాలామందిమే. 2012లో ఆంధ్రలో కరెంటు కోతలు ఎలా ఉండేవో మర్చిపోలేం. ఇప్పుడు నయమే గానీ, గాలివాన వస్తే ఇన్వర్టరే దిక్కు. ఆ ఇన్వర్టర్ కూడా ఒక డ్రమ్మే. డెస్క్‌టాప్ బదులు 12 వాట్ల ల్యాప్‌టాప్ పెడితే నాన్నగారి నెబ్యులైజర్‌కి, అమ్మ ఫ్యానుకి కరెంటు మిగులుతుంది.

అందుకని ఒక పని చేయండి. హార్డ్‌వేర్ షాపుల్లో ప్లగ్గుకి తగిలించే చిన్న వాట్ మీటర్ దొరుకుతుంది. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి పెట్టి మూడు అంకెలు రాయండి: ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, వీడియో కాల్‌లో ఎంత, మూత వేశాక ఎంత. ల్యాప్‌టాప్ అయితే ముందు బ్యాటరీ పూర్తిగా నిండనివ్వండి, లేకపోతే ఛార్జింగ్ అంకె కూడా కలిసిపోతుంది. మోడల్ పేరుతో పాటు ఆ మూడు అంకెలు గ్రూపులో పెట్టండి. అన్నీ కలిపి వచ్చే నెల పట్టిక చేసి ఇస్తాను. లింకుల కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.